గుండె క్యాసెట్టు

జూన్ 4

అన్నయ్యా,

ఎలా ఉన్నావని ఒక్క ముక్కలో అడిగితే "బాగున్నాను" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటావు. అందుకని విడివిడిగా అడుగుతున్నాను. మోకాలు ఎలా ఉంది? గోడౌన్‌లో ఇంకా నిచ్చెనలు ఎక్కుతున్నావా? చెవి మెషీన్ ఈలలు వేయడం మానిందా? మూడింటికీ వేరువేరుగా జవాబు కావాలి.

మెసేజ్ పెడదామంటే నీ ఫోన్‌లో తెలుగంతా డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తుంది. మాట్లాడదామంటే నీకు వినపడదు. వదినతో చెప్పించవచ్చు గాని, నేను చెప్పేది మెషీన్ సంగతి. ఆవిడ నోట పడితే బెల్టు కాస్తా బల్ల అవుతుంది. అందుకని ఉత్తరం.

అటక మీద నుంచి నీ వీసీఆర్ దింపాను. రిపేరు షాపు మూసేసిన ఏడాది నువ్వు నాకు పంపించావే, అదే. దాని పక్కనే ఆ క్యాసెట్టు కూడా ఉంది. నాకు తొమ్మిదేళ్లప్పుడు గుండె ఆపరేషన్ అయినప్పుడు తీసిన స్కానింగ్ క్యాసెట్టు. ఒకసారి చూడాలనిపించింది. ఊరికే. పెద్ద కారణమేమీ లేదు.

తెలివితక్కువగా దాన్నే ముందు పెట్టలేదులే. ఇంట్లో పడి ఉన్న పాత సినిమా క్యాసెట్టు ఒకటి పెట్టి చూశాను. మెషీన్ దాన్ని లోపలికి తీసుకుంది, దీపం వెలిగింది, ఏదో చప్పుడు చేసింది, తెర మీద మాత్రం ఏమీ రాలేదు. బయటికి తీస్తే రిబ్బను పేగులా వేలాడుతూ వచ్చింది. మీ బావగారు చూసి, దీన్ని కూడా ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లాల్సిందే అన్నారు. నాకు నవ్వు రాలేదు.

కళ్లజోళ్ల షాపులో పదహారేళ్లుగా చీమ తలకాయంత స్క్రూలు బిగిస్తున్నాను. చేతులు వణకవు. ఎలా చేయాలో నువ్వు రాస్తే నేను చేస్తాను. కాస్త త్వరగా రాయి.

నీ చెల్లెలు


జూన్ 9

చిట్టీ,

మోకాలు ఎక్కేటప్పుడు బాగానే ఉంటుంది, దిగేటప్పుడు తన సంగతి గుర్తుచేస్తుంది. నిచ్చెన సంగతి మీ వదినకు చెప్పనని మాటిస్తే రాస్తాను. చెవి మెషీన్ ప్రస్తుతం డ్రాయర్‌లో ఉంది. అక్కడ ఈలలు వేయడం లేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇన్నేళ్లకు నాకో కస్టమర్ వచ్చింది. పంపులకు వేసే రబ్బరు రింగులు లెక్కపెట్టుకునేవాణ్ణి పట్టుకుని "వీసీఆర్ ఎలా విప్పాలి" అని అడిగావు. ఆ పూట మీ వదిన రెండుసార్లు వచ్చి నా మొహం చూసి వెళ్లింది. పలక మీద "ఏంటి, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు" అని రాసి చూపించింది.

సరే, విను. దాని లోపల రెండు చక్రాలుంటాయి. ఒకటి రిబ్బను ఇస్తుంది, రెండోది తీసుకుంటుంది. నీ మెషీన్‌లో ఇచ్చేది ఇస్తోంది, తీసుకునేది నిద్రపోతోంది. మధ్యలో పోగైన రిబ్బనే నువ్వు చూసిన పేగు. ఆ నిద్రపోతున్నదాన్ని లేపేదాకా మన క్యాసెట్టు అందులో పెట్టకు. పెడితే నమిలేస్తుంది.

ప్లగ్గు పీకి, గంటసేపు అలా వదిలేసి, అప్పుడు మూత తియ్. వైరు వచ్చి చేరే మూల ఒక రేకు డబ్బా కనిపిస్తుంది, దాని జోలికి వెళ్లకు. కరెంటు తీసినా అందులో కాస్త మిగిలి ఉంటుంది. మిగతాదంతా నీ ఇష్టం. మోటారు నుంచి చక్రాలకు వెళ్లే రబ్బరు బెల్టు ఎలా ఉందో చూడు. మెషీన్ చేసే చప్పుడు ఎలా ఉందో రాయి. ఒకప్పుడు కస్టమర్ గుమ్మంలో ఉండగానే చప్పుడు విని రోగం చెప్పేవాణ్ణి. ఇప్పుడు నా చెవులు నువ్వే. సిగ్గుపడకుండా ఆ చప్పుడును అక్షరాల్లో పెట్టు.

ఇక మన క్యాసెట్టు. దాని కిటికీలోంచి చూస్తే రిబ్బను చుట్ట మీద తెల్లగా బూజు ఏమైనా ఉందా? వెనక వైపు అంచున ఒక చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది, అది ఉందో విరిగిందో చూడు. ఆ పలక విరగ్గొడితే ఇక దాని మీద ఎవరూ ఇంకోటి రికార్డు చేయలేరు. జాగ్రత్త కోసం విరగ్గొట్టేవాళ్లం.

అయినా ఇంత తొందరేముంది? చలికాలంలో నాకు సెలవు దొరుకుతుంది, వచ్చి నేనే చేస్తాను. ఈలోగా మూత తీసి దాంతో కాస్త స్నేహం చెయ్.

అన్నయ్య


జూన్ 14

అన్నయ్యా,

చలికాలం దాకా ఆగను. నీ కస్టమర్ అంత ఓపిక గలది కాదు.

మూత తీశాను. లోపల ఒక చచ్చిన సాలీడు, రెండు బియ్యపు గింజలు, చాలా దుమ్ము. బెల్టు అని నువ్వు రాసినది కనపడలేదు. తర్వాత చూస్తే చక్రం చుట్టూ నల్లగా తారులా కరిగి అంటుకుపోయి ఉన్నది అదేనని తెలిసింది. వేలు పెట్టాను. రెండు రోజులైనా నలుపు వదల్లేదు. షాపులో ఒకావిడకు కళ్లజోడు పెడుతుంటే ఆవిడ నా వేళ్లు చూసి అద్దాలు మళ్లీ తుడవమంది.

చప్పుడు ఇలా ఉంది. మొదట "గుర్ర్", లారీ దూరంగా వెళ్తున్నట్టు. తర్వాత "టక్". తర్వాత మూడు క్షణాలు ఏమీ ఉండదు. తర్వాత సన్నగా, పిల్లి తలుపు గోకినట్టు. చివర రెండుసార్లు "టక్ టక్" అని ఆగిపోతుంది. ఇంతకంటే బాగా రాయలేను.

క్యాసెట్టుకు బూజు లేదు. చుట్ట నల్లగా, నున్నగా ఉంది. ఇక నువ్వడిగిన పలక, అది విరిగే ఉంది. అయితే ఆ గుంట మీద ఎవరో సెలోటేపు అంటించారు. పసుపుపచ్చగా అయిపోయి గట్టిగా పట్టుకుని ఉంది. దుమ్ము పడకుండా నువ్వే అంటించావనుకుంటాను. అది ఉంచాలా, పీకేయాలా?

మీ బావగారు రోజూ అడుగుతున్నారు, మీ అన్నయ్య ఏం రాశారని. నేను "వస్తుంది, వస్తుంది" అంటున్నాను.

నీ చెల్లెలు


జూన్ 19

చిట్టీ,

నీ ఉత్తరం అందింది. ఆలోచించాను. ఆ మెషీన్‌తో నువ్వు పడలేవు. బెల్టు అలా అయ్యాక లోపల ఇంకా చాలా పోయి ఉంటాయి. మూత పెట్టేసి అటక మీద పెట్టించు. క్యాసెట్టు నాకు రిజిస్టర్డ్ పార్సిల్‌లో పంపు. నేను చూసి చెబుతాను. నువ్వు మాత్రం దాని జోలికి వెళ్లకు.

మీ వదిన నిన్ను అడిగినట్టు రాయమంది.

అన్నయ్య


జూన్ 23

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివాక మొదట కవరు తిప్పి చూశాను, ఇది నీ దగ్గర నుంచేనా అని. తొమ్మిదో తారీఖున స్నేహం చెయ్ అన్నవాడివి, పంతొమ్మిదికి అటక మీద పెట్టేయమంటావా? నా చేతుల మీద నమ్మకం లేకపోతే ఆ మాటే రాయి.

నేను నీకు ఒక అబద్ధం రాశాను. ఊరికే చూడాలనిపించిందన్నది అబద్ధం.

నాలుగు నెలలుగా మెట్లెక్కితే ఆయాసం. మొదట వయసు అనుకున్నాను. తర్వాత మీ బావగారు బలవంతంగా తీసుకెళ్లారు. చిన్నప్పుడు గుండెలో రంధ్రానికి వేసిన అతుకు ఉందే, దాని అంచు పక్క నుంచి రక్తం కారుతోందట. ఇక్కడి డాక్టరమ్మ నెమ్మదిగా, గీసి చూపించి చెప్పారు. ఆ కారుడు ఆపరేషన్ అయిన రోజు నుంచీ అంతే ఉంటే ఏం చేయనక్కర్లేదు, మందులతో గడపవచ్చు. అప్పుడు లేకుండా ఇప్పుడు వచ్చినదైతే, లేదా అప్పటికంటే పెరిగినదైతే, మళ్లీ ఛాతీ తెరవాలి. అది తెలియాలంటే అప్పటి స్కాను కావాలి. ఆ ఆస్పత్రి మూసేసి పదేళ్లయింది. కాగితాలన్నీ తడిసి పారేశారట. అప్పుడు నాకు క్యాసెట్టు గుర్తొచ్చింది. "జూలై ఇరవై లోపు తెస్తారా? అంతకు మించి నేను ఆగలేను" అన్నారు డాక్టరమ్మ.

నీకు ముందే ఎందుకు చెప్పలేదంటే, నువ్వు అన్నం మానేస్తావని. నాన్న పోయినప్పుడు చూశాను కదా. వదినకు ఫోన్ చేద్దామా అనుకున్నాను గాని, పలక మీద రాసిన ముక్కగా ఈ సంగతి నీకు చేరడం ఇష్టం లేకపోయింది.

ఇప్పుడు నన్ను ఇంకోటి తొలుస్తోంది. అప్పట్లో ఆ ఆస్పత్రి రికార్డరు రిపేరు చేసేవాడివి నువ్వే. ఆ క్యాసెట్టు తెచ్చింది నువ్వే. డాక్టరు అమ్మానాన్నలకు చెప్పింది విన్నదీ నువ్వే. నన్ను చూడొద్దంటున్నావంటే అందులో ఏదో ఉందన్నమాట. ఆపరేషన్ సరిగ్గా జరగలేదా? ఎక్కువ కాలం ఉండనని చెప్పారా? నాకిప్పుడు నలభై ఒకటి. తట్టుకోగలను. నాకు చెప్పు.

క్యాసెట్టు మాత్రం పోస్టులో పంపను. అది దారిలో పోతే ఇంకోటి లేదు.

నీ చెల్లెలు


జూన్ 28

చిట్టీ,

అలాంటిదేమీ లేదు. ఆపరేషన్ బాగా జరిగిందనే దాన్ని చేసిన పెద్దాయన చెప్పారు. నాన్న అక్కడే బల్ల మీద కూలబడి ఏడ్చారు, సంతోషంతో. నేను నీ దగ్గర దాచింది నీ గురించి కాదు, నా గురించి.

ఆ సెలోటేపు దుమ్ముకోసం అంటించినది కాదు. పలక విరిగిన చోట టేపు అంటిస్తే ఆ క్యాసెట్టు మీద మళ్లీ రికార్డు చేయవచ్చు. అంటించింది నేనే.

పంతొమ్మిదేళ్ల కిందటి మాట. షాపు చివరి రోజులు. జనం డిస్కులకు వెళ్లిపోయారు. నా దగ్గర ఖాళీ క్యాసెట్టు ఒక్కటి కూడా లేదు. ఒకాయన తన వీసీఆర్ రికార్డు చేయడం లేదని తెచ్చి కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. బాగు చేశాను. చూపించాలి. బీరువాలో నీ క్యాసెట్టు ఉంది. మూడు గంటల రిబ్బనులో నీ స్కాను ముప్పావు గంటే, మిగతాదంతా ఖాళీయే కదా అనుకున్నాను. టేపు అంటించి, టీవీలో వస్తున్నదేదో పది నిమిషాలు రికార్డు చేసి చూపించాను. ఆయన సంతోషంగా వెళ్లాడు.

రిబ్బనును ముందుకు తిప్పి, ఖాళీ వచ్చాక నొక్కానని ఒక జ్ఞాపకం. తిప్పకుండా అలాగే నొక్కేశానని ఇంకో జ్ఞాపకం. రెండూ నిజంలాగే ఉంటాయి. ఆ సాయంత్రమే వేసి చూసుకుని ఉంటే తెలిసిపోయేది. చూడలేదు. మర్నాడు చూద్దామనుకున్నాను. మర్నాడు కూడా చూడలేదు. తర్వాత చెవులు పోయాయి, షాపు పోయింది. కళ్ల ముందు ఉంటే భరించలేక మెషీనూ క్యాసెట్టూ కలిపి నీకు పంపేశాను. నువ్వు దాన్ని కానుక అనుకుని నాకు ఉత్తరం రాశావు. ఆ ఉత్తరం ఇప్పటికీ ఉంది. ఇన్నేళ్లలో ఈ సంగతి మెల్లగా మరుగున పడింది, నువ్వు సెలోటేపు అని రాసేదాకా.

నీ జబ్బు సంగతి తెలియక పార్సిల్ పంపమన్నాను. నువ్వు చూసేలోగా నేనొక్కణ్ణే చూసుకుందామని. అంతే నా దొంగ ఆలోచన.

దీనితో పాటు ఒక చిన్న పెట్టె వస్తుంది. అందులో కొత్త బెల్టులు రెండున్నాయి, కొలత కాస్త తేడాలో, సరిపోయినది వేసుకో. నల్ల రబ్బరు రింగు మా గోడౌన్‌లో నీళ్ల పంపులకు వేసేది. రెండు చక్రాల మధ్య అటూ ఇటూ ఊగే చిన్న చక్రం ఉంటుంది, దాని చుట్టూ ఉన్న రబ్బరు గాజులా గట్టిపడి జారుతూ ఉంటుంది. నువ్వు రాసిన పిల్లి గోకుడు అదే. పాతది తీసి ఈ రింగు ఎక్కించు. తారంతా స్పిరిట్‌తో తుడిచాకే కొత్త బెల్టు వెయ్.

నేను బయలుదేరి రానా? రాయి.

అన్నయ్య


జూలై 4

అన్నయ్యకు,

పెట్టె అందింది. రెండో బెల్టు సరిపోయింది. పంపు రింగు కూడా పట్టింది. సినిమా క్యాసెట్టు పెడితే ఇప్పుడు రిబ్బను బయటికి రావడం లేదు. కానీ బొమ్మ లేదు, తెరంతా వాన. రిబ్బను ఆనుకుని తిరిగే డ్రమ్ము లాంటిది ఒకటుంది, దాని మీద మురికి ఉందా? ఉంటే దేనితో తుడవాలి? మా షాపులో అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ ఉంది, అది పనికొస్తుందా?

ఉత్తరం చదివాను. దాని గురించి ఇప్పుడు రాయలేను. నువ్వు రావద్దు.

చెల్లెలు


జూలై 8

చిట్టీ,

గుడ్డ వద్దు. దూది అసలే వద్దు. దూది పోగు ఒకటి డ్రమ్ము అంచున రిబ్బను మీది బొమ్మను చదివే తలకు తగులుకుంటే ఆ తల ఊడి వస్తుంది. అది ఊడితే ఇక నేను కాదు, ఎవరూ ఏం చేయలేరు. గోరంత కూడా ఉండదు ఆ తల, వెలుతురుకు పెడితే ఒక చిన్న చుక్కలా మెరుస్తుంది.

తెల్ల కాగితం ముక్క, నాలుగు వేళ్ల వెడల్పున కత్తిరించు. స్పిరిట్‌లో తడుపు. డ్రమ్ముకు ఆనించి, నీ వేలు కదలకుండా పెట్టు. రెండో చేత్తో డ్రమ్ము పైభాగాన్ని మెల్లగా తిప్పు. కాగితం కదలకూడదు, డ్రమ్మే కదలాలి. పైకీ కిందికీ మాత్రం రుద్దకు. కాగితం మీద గోధుమరంగు గీతలు పడతాయి. గీతలు పడడం మానేదాకా కాగితాలు మారుస్తూ ఉండు. తర్వాత గంటసేపు ఆరనివ్వు. అప్పటికీ బొమ్మ వణికితే ముందు వైపు ట్రాకింగ్ అని ఒక మీట ఉంటుంది, వెంట్రుకవాసి చొప్పున తిప్పు.

సినిమా క్యాసెట్టు మూడుసార్లు మొదటి నుంచి చివరి దాకా ఆడాకే మన క్యాసెట్టు పెట్టు. పెట్టే ముందు దాన్ని ఒకసారి ముందుకూ ఒకసారి వెనక్కూ తిప్పు, ఇన్నేళ్లు కదలకుండా ఉన్న రిబ్బను ఒకదానికొకటి అంటుకుని ఉంటుంది. ఆడుతుండగా పాజ్ నొక్కకు. అక్కడే నిలబడి డ్రమ్ము రిబ్బనును గీరుతుంది.

నువ్వు రావద్దన్నావు. నిన్న బస్టాండుకు వెళ్లి టికెట్టు కూడా తీసుకున్నాను. పనిముట్ల సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, నీ ఉత్తరంలో ఆ చివరి రెండు మాటలే కనిపించాయి. బస్సు కదలకముందే దిగిపోయాను. మీ వదిన అన్నం పెట్టి పలక మీద ఏమీ రాయలేదు. ఆవిడ అలా ఊరుకుంటే నాకు భయం.

తప్పు నాదే. అయినా అడుగుతున్నాను, ఆ రావద్దన్నది ఈ వారానికా, ఎప్పటికీనా?

అన్నయ్య


జూలై 15

అన్నయ్యా,

ఎప్పటికీనా అని అడగడానికి నీకు బుద్ధి ఉందా? రావద్దన్నది ఎందుకంటే, నువ్వు నా పక్కన కూర్చుంటే నా చేయి వణుకుతుంది. అంతవరకే. నువ్వు బస్సు దిగిపోయావని చదివి నేను, మీ బావగారు ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

కోపం లేదనను. మొదటి మూడు రోజులు నీ మీద ఎంత కోపం వచ్చిందంటే, షాపులో ఒక ఫ్రేము రెండుగా విరిచాను. ఆ తర్వాత అది భయంగా మారింది. భయపడుతూ ఉంటే కోపానికి చోటు లేదు.

పదకొండు కాగితాలు పట్టాయి. పదో కాగితం దాకా గీతలు పడుతూనే ఉన్నాయి. సినిమాను మూడుసార్లు ఆడించాను. మీ బావగారికి మాటలన్నీ నోటికి వచ్చేశాయి. నిన్న ఆదివారం పొద్దున తలుపులు వేసుకుని మన క్యాసెట్టు పెట్టాం. ఆయన ప్లగ్గు దగ్గర నిలబడ్డారు, ఏమాత్రం నమిలినట్టు అనిపించినా పీకేయడానికి. టీవీలో హోరు ఎక్కువగా ఉంటే మెషీన్ చప్పుడు వినడం కోసం టీవీ గొంతు నొక్కేశాను.

వచ్చింది అన్నయ్యా. మొదట వాన, మీట రెండుసార్లు తిప్పితే నలుపు మీద తెల్లగా విసనకర్ర ఆకారం, అందులో తలుపుల్లాంటివి రెండు తెరుచుకుంటూ మూసుకుంటూ. మూల నా వయసు, తారీఖు. ఆపరేషన్‌కు ముందుది ఇరవై అయిదు నిమిషాలు ఉంది. ఆ తర్వాత నలుపు. నా పని అయిపోయిందనుకున్నాను. తర్వాత ఇంకో తారీఖు, ఆపరేషన్ అయిన తొమ్మిదో రోజు. నా గుండె మళ్లీ కొట్టుకుంటోంది. ఒక నిమిషం, రెండు, అయిదు. ఆరో నిమిషంలో బొమ్మ వంకర పోయి, ఒక పెద్దమనిషి వచ్చి కోళ్లకు మందు నీళ్లలో ఎలా కలపాలో చెప్పడం మొదలుపెట్టాడు. పది నిమిషాలు చెప్పాడు. తర్వాత ఖాళీ.

నువ్వు ముందుకు తిప్పావు, కానీ చాలినంత తిప్పలేదు. మధ్యలో నలుపు చూసి అదే చివర అనుకుని, ఇంకాస్త వదిలి నొక్కి ఉంటావు. రెండు జ్ఞాపకాల్లోనూ సగం సగం నిజం ఉందన్నమాట.

ఈ ఆరు నిమిషాల్లో డాక్టరమ్మకు కావలసినది ఉందో లేదో నాకు తెలియదు. ఆస్పత్రి టీవీలకు మన పాత వైరు పెట్టే చిల్లు లేదట. అందుకని గురువారం మెషీన్‌నూ మన టీవీనీ కలిపి ఆటోలో తీసుకెళ్తున్నాం.

నీ చెల్లెలు


జూలై 19

చిట్టీ,

ఆరు నిమిషాలు! మీ వదిన ఉత్తరం నా చేతిలోంచి లాక్కుని తను చదివి, పలక మీద అంత పెద్ద అక్షరాలతో "ఉంది" అని రాసింది. నేను పదిహేను రోజులుగా అదే మాట కోసం బతికాను. నిన్న కడుపునిండా తిన్నాను. గోడౌన్‌లో యజమాని ఏమైంది నీకు అని చేతులతో అడిగాడు. మా చెల్లెలు వీసీఆర్ బాగు చేసింది అని అరిచి చెప్పాను. నాకు వినపడదు కాబట్టి ఎంత గట్టిగా అరిచానో తెలియదు, అందరూ తిరిగి చూశారు.

ఇక నీకేం భయం లేదు. కారుడు అప్పటి నుంచీ ఉన్నదే అయి ఉంటుంది, చూస్తూ ఉండు. ఆ పెద్దాయన చేసిన పని ఊరికే పోదు. ఆపరేషన్ మాట మర్చిపో. చలికాలంలో మేమిద్దరం వస్తాం. నువ్వు విప్పిన మెషీన్‌ను నేనొకసారి చూడాలి. స్క్రూలు అన్నీ వేశావా, రెండు మిగిలాయా? నిజం చెప్పు. మొదటిసారి విప్పినవాళ్లకు ఎప్పుడూ రెండు మిగులుతాయి.

ఆ కోళ్లాయనను మాత్రం నేను జన్మంతా క్షమించను.

అన్నయ్య


జూలై 23

అన్నయ్యా,

నీ ఉత్తరం ఇందాకే వచ్చింది. నువ్వు అంత సంతోషంగా రాసి ఎన్నేళ్లయిందో. అది చదివాక ఇది రాయడం కష్టంగా ఉంది. అందుకని ముందే చెప్పేస్తున్నాను. ఆపరేషన్ చేయాలి. ఈ నెల ముప్పైన.

గురువారం టీవీ పట్టుకుని మీ బావగారు, మెషీన్ పట్టుకుని నేను లోపలికి వెళ్తుంటే గేటు దగ్గర కాపలాయన, ఇక్కడ కాపురం పెడతారా అని అడిగాడు. డాక్టరమ్మ గదిలో బల్ల మీద అన్నీ పెట్టి తగిలించాను. ముగ్గురు డాక్టర్లు వచ్చి నిలబడ్డారు. వాళ్ల మనిషి ఒకతను అదంతా కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాడు. ఆ ఆరు నిమిషాలనూ డాక్టరమ్మ అందులో నాలుగుసార్లు చూశారు. నాలుగోసారి కుర్చీ నా వైపు తిప్పుకున్నారు.

"అప్పుడూ ఉంది. కానీ సూది మొనంత," అన్నారు. "ఇప్పుడు పెన్సిల్ పట్టేంత అయింది. ఆగితే ఇంకా పెరుగుతుంది."

మీ బావగారు అడిగారు, ఈ క్యాసెట్టు లేకపోతే ఏం చేసేవారని. ఇంకో ఏడాది చూద్దామనేదాన్నేమో, ఆ ఏడాది మనకు మంచి చేసి ఉండేది కాదు అన్నారు. మొదటి డాక్టరు కుట్లు ఎక్కడ వేశారో కూడా అందులో కనిపించిందట, ఏ వైపు సడలిందో తెలిసింది కాబట్టి ధైర్యంగా తెరుస్తానన్నారు.

నువ్వు దాని మీద కోళ్లాయనను రికార్డు చేసిన సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా ఇక లేదు. దీనికోసం నువ్వు మళ్లీ అన్నం మానేస్తే మాత్రం ఊరుకోను.

నాకు భయంగా ఉంది. మీ బావగారి ముందు లేనట్టు ఉంటున్నాను, ఆయన నా ముందు లేనట్టు ఉంటున్నారు. ఇద్దరం ఇల్లు తెగ సర్దుతున్నాం.

రావద్దన్నాను కదా, ఇప్పుడు రా. ఇరవై తొమ్మిదికల్లా రా. ఈసారి బస్సు దిగకు.

నీ చెల్లెలు


ఆగస్టు 26

అన్నయ్యా,

నువ్వూ వదినా క్షేమంగా చేరారని ఆవిడ ఫోన్లో చెప్పింది. ఈ అక్షరాలు చూసి కంగారుపడకు. చేయి పైకెత్తితే కుట్లు లాగుతాయి, అందుకే వంకర. మొన్న గేటు దాకా నడిచాను. ఆయాసం రాలేదు. వస్తుందేమోనని అక్కడే కాసేపు నిలబడి చూశాను, రాలేదు. డాక్టరమ్మ కొత్త స్కాను చూపించారు. కారుడు లేదు. రెండు తలుపులూ సరిగ్గా మూసుకుంటున్నాయి.

నువ్వు పదహారు రోజులు ఆ వరండా కుర్చీలో ఎలా కూర్చున్నావో మీ బావగారు ఇప్పుడు చెబుతున్నారు. నర్సు పిలిస్తే వినపడదని, ఆ తలుపు మీద నుంచి చూపు తిప్పకుండా, టీకి కూడా లేవకుండా. నాకు మెలకువ వచ్చాక నువ్వు స్లిప్పు మీద "స్క్రూలు మిగిలాయా?" అని రాసి చూపించావు. నవ్వితే ఎంత నొప్పి పుట్టిందో అప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను, రెండు మిగిలాయి.

ఆస్పత్రివాళ్లు క్యాసెట్టును కంప్యూటర్లోకి ఎక్కించుకున్నప్పుడు మాకూ ఒక కాపీ ఇచ్చారు. నిన్న ఏమీ తోచక పెట్టుకున్నాను. ఈసారి చప్పుడుతో సహా. అప్పటి డాక్టరు మాట్లాడుతూ చెప్పడానికి ఆ మెషీన్‌కి మైకు ఉండేదేమో, గదిలో మాటలన్నీ పడ్డాయి. ఆపరేషన్‌కు ముందు దాంట్లో నేనున్నాను. నువ్వూ ఉన్నావు. నీకు గుర్తుందో లేదో నాకు తెలియదు, నాకైతే లేదు. నువ్వు వినలేవు కాబట్టి, ఆపి ఆపి విని, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

నేను: ఆ చప్పుడేంటి?

నువ్వు: నీ గుండెదే.

నేను: ఎప్పుడూ ఇలాగే కొట్టుకుంటుందా?

నువ్వు: ఎప్పుడూ.

నేను: నీకెలా తెలుసు?

నువ్వు: మెషీన్లు బాగు చేసేవాణ్ణి కదా. చప్పుడు వింటే తెలిసిపోతుంది. ఇది మంచి మెషీను.

ఆ చివరి మాట తర్వాత నువ్వు దగ్గావు. అప్పుడు డాక్టరు, "మాట్లాడకండి బాబూ, రికార్డవుతోంది" అన్నారు.

తర్వాత చాలాసేపు మాటల్లేవు. నా గుండె ఒక్కటే, ధబ్ ధబ్ అని. నువ్వు బయటికి వెళ్లిపోయావేమో అనుకున్నాను. పద్దెనిమిదో నిమిషంలో నేను మెల్లగా, ఎవరికీ వినపడకూడదన్నట్టు, "అన్నయ్యా, ఉన్నావా?" అని అడిగాను.

నువ్వు "ఊఁ" అన్నావు.

నీ చెల్లెలు